టైరులో గడ్డకట్టిన వీసా

మొన్న ఆక్లాండ్ శివార్లలోని పాపకూరలో కారు టైర్లకు గాలి పట్టించడానికి ఆగితే, అక్కడి మెకానిక్ మామూలు గాలి కావాలా, నైట్రోజన్ కావాలా అని ఎంతో మర్యాదగా అడిగాడు. టైరులో ఏం నింపాలన్నది నేను ఆలోచించవలసి వచ్చి పన్నెండేళ్ళు దాటింది. అప్పుడు నేను తేల్చుకున్న జవాబు కొంచెం తప్పు. ఎంత కొంచెమంటే, నేను ఈ దేశంలో ఉండాలో వద్దో ఒక ట్రాక్టరు చక్రం తేల్చవలసి వచ్చింది.

మనలో చాలామందిలాగే నేనూ చదువు పేరు చెప్పుకొని ఈ దేశానికి దక్షిణ కొసన ఉన్న ఇన్వర్‌కార్గిల్‌లో దిగినవాణ్ణే. ఇంటి దగ్గర తెచ్చుకున్న మెకానికల్ ఇంజనీరింగ్ పట్టా, దానిపైన ఇక్కడి డిప్లొమా, రెండూ కలిసి నన్ను ఊరి చివర టైర్ల వర్క్‌షాపులో సహాయకుడి ఉద్యోగానికి అర్హుణ్ణి చేశాయి. వర్క్ వీసాకు మా యజమాని లెటరు కావాలి. ఆయన రోజుకు పది మాటలకు మించి వాడని పెద్దమనిషి, ఇస్తానని చెప్పడానికి అందులో ఒకటి ఖర్చుపెట్టాడు.

తడి వాలుల మీద ట్రాక్టరు జారకుండా వెనక టైర్లలో బరువుకోసం నీళ్ళు నింపుతారని మీలో పొలం ఉన్నవాళ్ళకు తెలిసే ఉంటుంది. చక్రాన్ని జాకీ మీద లేపి, వాల్వు పైకి వచ్చేలా తిప్పి, ముప్పావు వంతు నీళ్ళు పట్టించి, మిగతాది గాలి కొడతాం. అక్కడ మాత్రం ఆ నీళ్ళలో కాల్షియం క్లోరైడ్ అనే ఒకరకం ఉప్పు కలిపేవారు. ఎందుకని నేను అడగలేదు. చెప్పవలసినంత విషయమని ఆయనా అనుకోలేదు.

చలికాలానికి ముందు, ఒంటరిగా ఆవుల్ని సాకుకునే ఒకావిడ తన ట్రాక్టరు తెచ్చి వదిలి వెళ్ళింది. ఎడమ టైరు నిండేసరికి ఉప్పు బస్తా అయిపోయింది, యజమాని బయటికి వెళ్ళాడు. గోదావరి జిల్లాలో మా మావయ్య దమ్ము చేసే ట్రాక్టరుకు ఏనాడూ కాలవ నీళ్ళు తప్ప మరొకటి పట్టించి ఎరగడు కనుక, కుడి టైరుకు శుభ్రంగా మంచినీళ్ళు పట్టించేశాను. ఉప్పు రిమ్ముల్ని తినేస్తుంది, ఒక్కదాన్నైనా కాపాడానని కాస్త గర్వపడ్డాను కూడా.

ఇక్కడ జూన్ అంటే నడి చలికాలం; ఆ జూన్‌లో వరసగా నాలుగు రోజులు మంచు కరడు కట్టింది. అయిదో రోజు పొద్దున మా ఫ్లాట్లో కుళాయి తిప్పితే నీళ్ళు రాలేదు. నా రూమ్మేటు, వరంగల్ మనిషి, నోట్లో బ్రష్షుతో వచ్చి ప్రకటించాడు.

"పైపుల నీళ్లు గడ్డకట్టినయ్‌రా. ఎండొచ్చేదాంక పండ్లు తోముడు బంద్."

కుడి టైరులో నేను పట్టించిన మంచినీళ్ళు అప్పుడు గుర్తొచ్చి, జరిగినదంతా చెప్పాను.

"నాలుగేండ్లు బీటెక్ల ఏం జదివినవ్‌రా నువ్వు?"

"థర్మోడైనమిక్స్. అందులో ట్రాక్టరు లేదు."

"సప్పుడు జెయ్యకు. లెటర్ మీద సంతకం పడ్డంక చెప్పు, పో."

తెలివైన సలహాయే. కాని ఆవిడ రోజూ పొద్దున్నే గడ్డి మోపులతో, పక్కన మనిషి తోడు లేకుండా, వాలు మీదికి ట్రాక్టరు ఎక్కిస్తుంది. ఒక చక్రంలో నీళ్ళు, ఒక చక్రంలో మంచుబండ పెట్టుకుని, ఏ మలుపులో జారుతుందో తెలియకుండా ఆవిడ వెళుతుంటే నేను సంతకం కోసం కూర్చోలేకపోయాను. ముందు ఆవిడకు ఫోన్ చేసి బండి కదపవద్దన్నాను, తర్వాత యజమానికి చెప్పాను. ఆయన కోటు తొడుక్కున్నాడు.

ఆవిడ పొలంలో ఆయన నా చేతికి సుత్తి ఇచ్చాడు. ఎడమ టైరును కొడితే మెత్తగా దబ్బుమంది. కుడిదాన్ని కొడితే రోటి మీద కొట్టినట్టుంది. సిగ్గుపడవలసిన సమయమే, కాని నేను చెవి ఆనించి మరో రెండుసార్లు కొట్టి చూశాను.

"మీ దేశంలో వీటిలో ఏం పోస్తారు?" అన్నాడు యజమాని.

"నీళ్ళేనండి."

"చలికాలంలో?"

"అప్పుడూ నీళ్ళే. నీళ్ళలాగే ఉంటాయి."

"ఏడాది పొడుగునా?" అంది ఆవిడ, చేతిలో టీ కప్పు మరిచిపోయి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను టైరును చూసినట్టే వాళ్ళు నన్ను చూశారు.

తీర్పు మాత్రం తీర్పే. మంట పెడితే రబ్బరు పాడవుతుంది కనుక అది దానంతటది కరగాలి, నేను ఆ నీళ్ళు తీసి చలికి గడ్డకట్టని ఉప్పునీళ్ళు పట్టించాలి, ఆ తర్వాతే సంతకం. అంతవరకు ఆవిడ పొరుగువాళ్ళ ట్రాక్టరు వాడుకుంటుంది. చేతిలో ఉన్న చదువు వీసాకు మిగిలిన గడువు ఎనిమిది రోజులు. రోజూ పనికి ముందు వెళ్ళి సుత్తితో పలకరించి వచ్చేవాణ్ణి. సాయంత్రం రూమ్మేటు తప్పకుండా అడిగేవాడు, "ఇయ్యాల ఎంత కరిగింది రా నీ వీసా?"

ఆరో రోజు ఉత్తరాన ఆక్లాండ్ వైపు నుంచి వెచ్చటి గాలి, దానితో వాన వచ్చాయి. ఏడో రోజు వాల్వు విప్పితే మొదట ఒక చుక్క, కాసేపటికి ఇంకొక చుక్క, తర్వాత ధార. వాన ఆగలేదు, నేనూ అక్కణ్ణించి కదలలేదు. ఆ సాయంత్రమే యజమాని సంతకం చేసి, పెన్ను మూత పెడుతూ, "ఏడాది పొడుగునా..." అని తనలో తనే మరోసారి అనుకున్నాడు.

ఇప్పుడు ఇన్వర్‌కార్గిల్‌కు వచ్చే మనవాళ్ళు విమానం ఎక్కకముందే అక్కడి చలిని ఫోన్లో చూసుకుని తగిన కోట్లతో దిగుతున్నారు. నాలాంటి తప్పు చేసే వీలే లేదు, మంచిదే. అక్కడివాళ్ళకు కూడా మన గురించి అంతా ముందే తెలిసిపోయింది. నీళ్ళు ఎప్పటికీ నీళ్ళుగానే ఉండే చోటునుంచి వచ్చానని చెబితే, టీ చల్లారిపోతున్నా కప్పు పట్టుకుని అలాగే వినే మనిషి మాత్రం ఈమధ్య నాకు ఎదురుపడలేదు.