మధ్యలో ఆగిపోతే?

మరిది ఈ లోకంలో ఏ వస్తువును చూసినా అడిగే ప్రశ్న ఒక్కటే: "ఆగిపోతే?"

ఎవరైనా కొత్త ఫ్యాను కొని సంబరంగా చూపిస్తే, దాని కింద నిలబడి మెడ పైకెత్తి, "బానే ఉంది. ఆగిపోతే?" అంటాడు. రైలెక్కితే రైలు గురించి అంటాడు, వాన కురుస్తుంటే వాన గురించి అంటాడు. పెళ్ళయి ఆ ఇంటి ముందు కారు దిగిన రోజున వదిన చెవిన పడిన మొదటి మాట కూడా అదే. "దార్లో ఈ కారు ఆగిపోతే ఎలాగని ఇంకో కారు వెనకాలే తెచ్చాను వదినా. అదీ ఆగుతుందేమోనని దాని మీద సైకిలు కట్టించాను," అన్నాడు. ఎలాంటి ఇంట్లో పడ్డానురా భగవంతుడా అనుకుందామె.

అతని రెండు చేతులకీ రెండు గడియారాలుంటాయి. ఒకటి ఆగిపోతే రెండోది పనికొస్తుందని. ఆ రెంటికీ నాలుగు నిమిషాలు తేడా. అందుకని టైమెంతయిందని అడిగితే చెప్పడు, రెండూ చూసి సగటు తీస్తాడు. ఒకసారి ఒంట్లో నలతగా ఉందని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ విని, "గుండె చక్కగా కొట్టుకుంటోందండీ," అంది. "ఆగిపోతే?" అన్నాడు. డాక్టరమ్మ కాసేపు ఆలోచించి బలానికి మాత్రలు రాసిచ్చింది.

అతన్ని అని లాభం లేదు. ఇంటి కింది భాగం అతనిది, అందులో ముందుగది అతని కొట్టు. ఫ్యాన్లు, మిక్సీలు, నీళ్ళ మోటార్లు బాగుచేస్తాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆగిపోయినవి తప్ప ఇంకేవీ ఆ గడప తొక్కలేదు. తిరిగే ఫ్యానును చంకన పెట్టుకొచ్చి, "చూడవయ్యా, ఎంత బాగా తిరుగుతోందో," అని చూపించి వెళ్ళిన మనిషి ఇంతవరకూ లేడు. వీధి వీధంతా అతన్ని ఆగిపోతే బాబాయ్ అంటుంది. పెళ్ళెందుకు చేసుకోలేదని మాత్రం ఎవరూ అడగరు. జవాబు అందరికీ తెలుసు.

ఒకే ఒక్కసారి అతను ఆ మాట అనలేదు. ఆరేళ్ళ కిందట అన్నను ఆసుపత్రిలో ఊపిరి యంత్రానికి తగిలించినప్పుడు మూడు రోజులూ మంచం పక్కనే నిలబడ్డాడు. యంత్రం వంక చూస్తూ నోరు మెదపలేదు. భర్త ఇంక ఇంటికి రాడని వదినకు అప్పుడే తెలిసిపోయింది.

ఇంటి పైభాగం వదినది. ఆమె దర్జీ. బట్టను రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి, ఇది ఎన్ని ఉతుకులకు ఆగుతుందో చెప్పగలదు. అలాంటి మనిషికి నరాల జబ్బు పట్టుకుంది. కాలి బొటనవేలి దగ్గర తిమ్మిరిగా మొదలై, రెండేళ్ళలో రెండు కాళ్ళనూ తినేసింది. ఇది పైకి పాకే జబ్బేనని, ఎంత తొందరగా పాకుతుందో చెప్పలేమని డాక్టర్లు అన్నారు. మేడకు ఇరవై రెండు మెట్లు. పద్నాలుగు నెలలుగా ఆమె ఆ మెట్లు దిగలేదు. అంతకుముందు రెండుసార్లు నలుగురు మగవాళ్ళు ఆమెను కుర్చీతో సహా బీరువాను దించినట్టు దించారు. రెండోసారి ఒకడి కాలు జారింది. ఆమె కుర్చీలోంచి సగం బయటికి వచ్చి, కమ్మీ పట్టుకుని వేలాడింది. ఎదురింటి వాళ్ళు, పక్కింటి వాళ్ళు, పాలవాడు, అందరూ చూశారు. ఇంక చచ్చాక దించితే చాలు, అప్పటిదాకా నన్ను ముట్టుకోవద్దని ఆమె ఒట్టు పెట్టుకుంది.

అప్పుడు కూతురు లిఫ్టు మాటెత్తింది. రక్తపరీక్షలు చేసే ల్యాబులో ఉద్యోగం ఆ పిల్లకి. పొద్దున ఏడింటికి వెళితే చీకటి పడ్డాకే రావడం. పగలంతా తల్లి ఒక్కతే. "ఇంట్లోనే పెట్టుకునే చిన్న లిఫ్టు ఉందమ్మా. కుర్చీతో సహా ఎక్కొచ్చు. నువ్వే నొక్కుకుని నువ్వే దిగొచ్చు. ఎవర్నీ బతిమాలక్కర్లేదు," అంది. నువ్వే దిగొచ్చు అన్న మాట వదిన చాలాసేపు మనసులో అనుకుంటూ కూర్చుంది.

ఒక్కటే చిక్కు. ఆ లిఫ్టు కింద కొట్టులో ఓ మూల మొదలై, మరిది కప్పుకు చిల్లి పెట్టుకుని పైకి రావాలి. అతను కాగితం మీద సంతకం పెట్టాలి.

లిఫ్టు కంపెనీ ఆయన సూటు వేసుకుని, నవ్వు వేసుకుని వచ్చాడు. వదిన గదిలోనే అందరూ కూర్చున్నారు.

"మధ్యలో ఆగిపోతే?" అన్నాడు మరిది.

"కరెంటు పోయినా బ్యాటరీ ఉంటుందండీ."

"బ్యాటరీ ఆగిపోతే?"

"చేత్తో తిప్పే హ్యాండిలుంటుందండీ."

"తిప్పే మనిషి ఆగిపోతే?"

కంపెనీ ఆయన నవ్వు తీసేసి సంచిలో పెట్టుకున్నాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో తనను ఇలా అడిగిన వాళ్ళు లేరన్నాడు. సంతకం మాత్రం పడలేదు. రెండోసారి వచ్చినప్పుడు తాడు గురించి, తలుపు గురించి, తలుపు తీయడానికి రావాల్సిన కంపెనీ మనిషి దార్లో ఆగిపోవడం గురించి ప్రశ్నలు పడ్డాయి. అప్పుడూ సంతకం పడలేదు.

ఇక్కడ వదిన గుట్టు ఒకటి చెప్పాలి. మూడు నెలలుగా ఆమె చేతివేళ్ళు కూడా మాట వినడం మానేశాయి. సూదిలో దారం ఎక్కించడానికి అరగంట పడుతోంది. గ్లాసు పట్టుకున్నానన్న సంగతి గ్లాసు పడ్డాకే తెలుస్తోంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే కూతురు మర్నాడే ఉద్యోగం మానేసి, తన పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటుంది. ఒక జీవితం ఆ గదిలో ఇరుక్కున్నది చాలదా అని ఆమె బాధ. అందుకని పగిలిన గ్లాసులన్నీ పిల్లి ఖాతాలో వేసేది. ఆ ఇంట్లో పిల్లి లేదు. ఎక్కడినుంచో వచ్చి గ్లాసులు పగలగొట్టి పోయే పిల్లిని కూతురు ఎన్నడూ చూడలేదు, పని హడావుడిలో అడగనూ లేదు.

మూడోసారి కంపెనీ ఆయన చివరి ఆశతో వచ్చాడు. మరిది అన్నీ అడిగేసి, గొంతు సవరించుకుని, "బటను నొక్కిన వేలు మధ్యలో తీసేస్తే?" అన్నాడు.

"ఆగుతుందండీ. అది భద్రత కోసమే. దిగేదాకా నొక్కే ఉంచాలి. అయినా ఆవిడెందుకు తీస్తారు? దర్జీ గారు, వేళ్ళకేం లోటు?"

వదిన రెండు చేతులూ ఒళ్ళో ఉన్న దుప్పటి కిందికి లాక్కుంది. మరిది ఆమె వైపు చూడలేదు, కప్పు వంక చూశాడు. "పెద్ద బటనుందా? అరచెయ్యంత?" అన్నాడు.

"ఈ మోడలుకి రాదండీ. ముందు సంతకం పెట్టండి, తర్వాత చూద్దాం."

"ముందు బటను. తర్వాత సంతకం."

కూతురికి ఒళ్ళు మండిపోయింది. "బాబాయ్, ఇంక చాలు! బటను నచ్చలేదా నీకు? నీ కొట్టులో ఆ మూల పోతుందనే కదా ఇదంతా? ఆ తుక్కు మోటార్లు పెట్టుకునే జాగా కోసం మా అమ్మను పైనే చంపేస్తావా?"

మరిది ఎడమచేతి గడియారం చూశాడు, కుడిచేతి గడియారం చూశాడు. "ఆ, మూలే," అన్నాడు. "మంచి మూల అది." లేచి మెట్లు దిగిపోయాడు.

ఆ రోజు నుంచి, రోజూ పైనుంచి అతనికి వెళ్ళే అన్నం క్యారియరు ఆగిపోయింది. ఎట్టకేలకు బాబాయ్ భయపడ్డది జరిగిందని వీధిలో నవ్వుకున్నారు. అతను రొట్టె కొనుక్కుని, మోటార్ల మధ్య నిలబడి తిని, నీళ్ళు తాగేవాడు. ఎదురింటావిడ అతను వినేలాగే, "సొంత వదినకి కూడా కాని వాడు మనిషేనా?" అంది. అతను ఆమె మిక్సీ బాగుచేసి ఇచ్చేశాడు.

పది రోజులు వదిన కూడా బిగదీసుకుంది. పదకొండో రోజు మధ్యాహ్నం కర్రతో నేల మీద నాలుగుసార్లు కొట్టింది. అది మరిదికి పిలుపు. వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అప్పటికే చిక్కిపోయాడు.

"ఇన్నేళ్ళు నీకు అన్నం పెట్టిన చెయ్యి అడుగుతోంది. సంతకం పెడతావా, పెట్టవా?"

అతను జేబులోంచి చెక్కముక్కకు బిగించిన బటనొకటి తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. "ఇది వాళ్ళ బటనే వదినా, తెప్పించాను. నొక్కు. ఇరవై అంకెలు లెక్కపెడతాను, అప్పటిదాకా వదలకు. కిందికి దిగడానికి అంతే పడుతుంది."

ఆమె నొక్కింది. అతను నెమ్మదిగా లెక్కపెట్టాడు. తొమ్మిది దగ్గర వేలు దానంతటదే జారిపోయింది. మళ్ళీ నొక్కింది. ఈసారి ఏడు. మూడోసారి ఇంకో చేత్తో ప్రయత్నించి, ఆపేసి, ముఖం గోడకు తిప్పుకుంది.

"నీకెప్పుడు తెలిసింది?" అంది.

"కత్తెర బిగుసుకుపోయిందని మూడుసార్లు కిందికి పంపావు. కత్తెరలో లోపమేమీ లేదు. రెండోసారి పంపినప్పుడు అనుమానం వచ్చింది. మూడోసారి కూర్చుని ఏడ్చాను."

"మరి ఆ పిల్ల అన్నేసి మాటలంటుంటే ఎందుకు పడ్డావు? బటను ఎందుకో చెప్పొచ్చుగా?"

"నువ్వే చెప్పలేదుగా. చెప్పడానికి నేనెవర్ని?"

వదిన కళ్ళు తుడుచుకోబోయింది, చెయ్యి సరిగ్గా అందలేదు. మరిది చూడనట్టు చెక్కముక్క సర్దుకున్నాడు. కంపెనీకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశానన్నాడు. వాళ్ళ ఆఫీసు బెంచీ మీద నాలుగు రోజులు కూర్చుంటే, పైవాడెవడో విసిగిపోయి ఒప్పుకున్నాడన్నాడు. మోచేత్తో నొక్కేంత బటను వారంలో వస్తుందట.

"మోచెయ్యి కూడా ఆగిపోతే?" అంది వదిన.

"గడ్డం కింద ఇంకోటి పెట్టిస్తున్నాను."

"అది కూడా ఆగిపోతే?"

"నేను నొక్కుతాను."

"నువ్వు ఆగిపోతే?"

ఆ ప్రశ్న అతన్ని తిరిగి అడిగిన వాళ్ళు అంతవరకూ లేరు. మెట్ల వైపు చూసి, "అందుకే పిల్లకి చెప్పాలి వదినా," అన్నాడు. "నువ్వే చెప్పాలి."

ఆ సాయంత్రం కూతురు చెప్పులు విప్పకముందే వదిన చెప్పేసింది. పిల్లి సంగతి కూడా చెప్పింది. కూతురు తల్లి వేళ్ళను ఒక్కొక్కటీ పట్టుకుని చూసి, భోరుమంది. ఊహించినట్టే, "రేపే మానేస్తాను," అంది. "మానేస్తే లిఫ్టెక్కను. ఇక్కడే కూర్చుని ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకుందాం," అంది తల్లి. వాదన చాలాసేపు నడిచింది. చివరికి సాయంత్రాలు మాత్రం త్వరగా వచ్చేట్టు ఒప్పందం కుదిరింది.

మర్నాడు పొద్దున కూతురు క్యారియరు పట్టుకుని కొట్టు గుమ్మంలో నిలబడింది. క్యారియరు బల్ల మీద పెట్టి అక్కడే నిలబడిపోయింది. మరిది మూత తీసి, ఆవిరి ముఖానికి తగలనిచ్చి, "రేపు ఆగిపోతే?" అన్నాడు.

"ఆగదు బాబాయ్," అని, ఏడుస్తూనే నవ్వింది.

లిఫ్టు వచ్చింది. కప్పుకు చిల్లి పడింది, మంచి మూల పోయింది. మరిది ముందు తను నాలుగుసార్లు ఎక్కి దిగాడు. తర్వాత వదిన బరువుకు సరిపడా పాత మోటార్లు మూటగట్టి పంపాడు. ఆ తర్వాతే ఆమెను ఎక్కనిచ్చాడు. ఆమె మోచేత్తో నొక్కి దిగుతుంటే, కింద రెండు చేతులూ చాపి నిలబడ్డాడు, లిఫ్టు జారితే పట్టుకునేవాడిలా. ఆమె మోటార్ల మధ్యకు దిగి, ఏడాదిన్నర తర్వాత వీధి వంక చూసింది. "బట్టల కొట్టుకి పద," అంది.

బట్టల కొట్టులో తానులు విప్పించింది. వేళ్ళకు తెలియడం లేదు కనక బట్టను చెంపకు ఆనించి చూసింది. కొట్టువాడు వింతగా చూస్తే, "ఇది నాలుగు ఉతుకులకు ఆగదు, లోపలున్నది తియ్యి," అంది. లోపలున్నది తీశాడు. నీలం రంగు చొక్కా గుడ్డ కొన్నది.

"ఎవరు కుడతారు వదినా?" అన్నాడు మరిది మెల్లగా.

"పిల్లకి నేర్పుతున్నా. నేను చెప్తాను, అది కుడుతుంది. మొదటిది ఎలాగూ చెడిపోతుంది, అందుకే నీకు."

మూడు వారాల సాయంత్రాలు పట్టింది. తల్లి చెప్పడం, కూతురు కత్తిరించడం, ఇద్దరూ పోట్లాడుకోవడం కింద కొట్టు దాకా వినిపించేవి. చొక్కా తయారై మరిది వేసుకుంటే, కుడిచెయ్యి పొడుగు వేళ్ళ కొసలదాకా వచ్చింది. ఎడమచెయ్యి మోచేతి దగ్గరే ఆగింది. కాలరు ఒక చెవి వైపు చూస్తోంది. కూతురు రెండు చేతుల్తో ముఖం కప్పుకుంది. వదిన పడీ పడీ నవ్వి, "విప్పవయ్యా, విప్పు. ఊడదీసి సరిచేయిస్తా," అంది.

మరిది విప్పలేదు. చేతులు పైకెత్తాడు, దించాడు, వంగాడు, లేచాడు, భుజాల దగ్గర కుట్టు లాగి చూసుకున్నాడు.

"ఎందుకు సరిచేయడం?" అన్నాడు. "బ్రహ్మాండంగా పనిచేస్తోంది."