కొసరి పోసిన ఇంజనాయిల్

ఆ రోజుల్లో ఆటోమొబైల్ డిప్లొమా చదివిన కుర్రాడికి ఇంజన్ల గురించి తెలియనిది లేదని మా గుడివాడ వైపు జనం నమ్మేవారు. అందరికంటే గట్టిగా నమ్మినవాణ్ణి నేనే. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ నమ్మకం మళ్లీ ఒక్క పూట దొరికితే బాగుండుననీ అనిపిస్తుంది. తొంభైల మొదట్లో నందివాడ దగ్గరుండే మా మావయ్య (అమ్మకు సొంత అన్న) ఎక్కణ్నుంచో ఓ పాత తెల్ల కారు కొనుక్కొచ్చాడు. దాన్ని చూసే మిషతో నేను వారానికి మూడుసార్లు సైకిలెక్కేవాణ్ణి. నేను చూడ్డానికి వచ్చేది కారుని కాదని అత్తయ్యకి తెలుసు, మరదలికి తెలుసు. తెలియనిది మావయ్యకొక్కడికే.

ఓ సాయంత్రం వాళ్లందర్నీ అరుగు మీద కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాను. "ఇంజన్‌కి ఆయిల్ అందే పద్ధతులు మూడు మావయ్యా. మీ స్కూటరుకి పెట్రోల్లోనే కలిపి పోస్తాం, పని చేసి అందులోనే కాలిపోతుంది. చేలో నీళ్లు తోడే ఇంజన్‌కి ఆయిల్ అడుగునుంటుంది. లోపల తిరిగే రాడ్డుకి చెంచాలాంటిదొకటి ఉండి, దాన్ని పైకి చిమ్ముతుంది. కారుకైతే ఓ పంపు ఉండి, సన్నటి దారుల్లోంచి ప్రతి బేరింగుకీ ఒత్తిడితో పంపిస్తుంది." మావయ్య చుట్ట పక్కన పెట్టి, "అంటే స్కూటరుది కలిపి పెట్టిన ముద్ద, చేలో ఇంజన్‌ది కళ్లాపి, కారుది మునిసిపాలిటీ కుళాయి. అంతేగదరా?" అన్నాడు. మూడేళ్లు నేను చదివిందంతా అంతే. మరదలు పమిట నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు కోసం నేను గేరుబాక్సు గురించి కూడా చెప్పి ఉండేవాణ్ణి, అత్తయ్య అన్నానికి పిలిచింది గాబట్టి సరిపోయింది.

ఇంతలో మరదలికి బందరులో టీచరు ఉద్యోగం పరీక్ష వచ్చింది. "ఇదే ఆఖరు. ఇది తప్పితే వచ్చిన సంబంధం ఖాయం చేసేస్తా" అని మావయ్య తేల్చేశాడు. మరదలు పెరట్లో నన్నాపి, "పది దాటితే లోపలికి రానివ్వరంట బావా. బస్సుని నమ్మలేను. నువ్వు తీసుకెళ్తావా?" అంది. తనకి ఉద్యోగం వస్తే పెళ్లి మాట వెనక్కి పోతుంది, ఈలోగా నాకూ ఓ ఉద్యోగం వస్తుంది, అప్పుడు ధైర్యంగా అడగొచ్చు. నా లెక్క నాది. తన పరీక్ష తనకెంత ముఖ్యమో నాకూ అంత ముఖ్యం.

ఆ ఉదయం బయల్దేరే ముందు మావయ్య డబ్బాతో ఆయిల్ పోస్తుంటే, ఇంజన్‌లోంచి ఆయిల్ మట్టం కొలిచే గేజీ పుల్ల తీసి చూశాను. ఆయిల్ పై గీత దగ్గరకొచ్చింది. "చాలు మావయ్యా" అన్నాను. మా వైపు విస్తరి ముందు ఎవరన్నా చాలంటే అది మొహమాటం కింద లెక్క. (చేతులడ్డం పెట్టినా వేళ్ల సందుల్లోంచి నెయ్యి పోసే ఇళ్లు మావి.) "మొహమాటపడకురా అల్లుడూ" అని మావయ్య ఇంకాస్త పోశాడు. "దూరప్రయాణం, కడుపునిండా పొయ్యండి!" అని వంటింట్లోంచి అత్తయ్య కేకేసింది. డబ్బా ఖాళీ అయింది. ఎక్కువైతే ఏమవుతుందో నా పుస్తకంలో ఓ పేజీ నిండా ఉంది. కానీ కాబోయే మావగారికి పుస్తకం చూపించి ఎదురు చెప్పేదెవడు? "ఏం కాదు లెండి" అన్నాను.

ముగ్గురం బయల్దేరాం. కవుతరం దాటేసరికి వెనకంతా నీలం పొగ. మా వెనకాల వస్తున్న సైకిళ్లు కనబడ్డం మానేశాయి. ఆయిల్ అందట్లేదని చెప్పే ఎర్ర దీపం వెలిగింది. "పంపు పోయింది" అని ప్రకటించాను. మావయ్య దిగి పొగ వాసన చూసి, "మొన్న చేలో ఇంజన్‌కి ఎక్కువ పోస్తే ఇదే పొగరా. కొంపదీసి ఇదీ అంతేనా?" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది నా పేజీ. ఎక్కువైన ఆయిల్ని తిరిగే షాఫ్టు మజ్జిగ చిలికినట్టు చిలికేస్తే, పంపుకి నురగ తప్ప ఏమీ అందదు. కుళాయి బండిని అందరం కలిసి కళ్లాపి బండిని చేశాం!

తొమ్మిదైంది. బందరు ఇంకా దూరం. మరదలు ఏడవలేదు. టిఫిను డబ్బాలో పులిహోర కాగితం మీద దిమ్మరించి, "ఇందులోకి తియ్యి బావా, తొందరగా" అంది. బండి కిందకి దూరి అడుగు బోల్టు వదులు చేశాను. కాగిన నూనె మోచేతిదాకా కారింది. "పారబొయ్యకు, తలుపు బందులకి పనికొస్తుంది" అన్నాడు మావయ్య. పది నిమిషాలు నురగ తగ్గనిచ్చి స్టార్ట్ చేస్తే దీపం ఆరింది. పదికి అయిదు నిమిషాలుండగా చేరాం. తను కొత్త చేతిరుమాలు నా చేతిలో పెట్టి లోపలికి పరిగెత్తింది.

పరీక్షయ్యాక మావయ్య లడ్డూలు కొనుక్కొస్తానని వెళ్లి అరగంట రాలేదు. కారు పక్కన మేమిద్దరమే. "బాగా రాశాను బావా. నువ్వు లేకపోతే..." అని ఆగి, "నాకేమన్నా చెప్పాలా?" అంది. నా మొహాన ఇంకా మసి. నేనేం చెప్పానో తెలుసా అండీ? "నాలుగో పద్ధతి కూడా ఒకటుంది. పందెం కార్లకి ఆయిల్ అడుగున ఉండదు, వేరే ట్యాంకులో పెడతారు" అన్నాను. తను "అలాగా" అంది.

ఉద్యోగం వచ్చింది. దివిసీమలో వేశారు. అక్కడే పనిచేసే మాస్టారు తనని ఇష్టపడ్డాడు, ఆయన ఆలస్యం చెయ్యకుండా ఆ మాటే అడిగాడు. సంబంధం మాట్లాడ్డానికి మావయ్యని అదే కార్లో అవనిగడ్డ తీసుకెళ్లింది నేనే, గేజీ పుల్ల రెండు గీతల మధ్య చూసుకుని మరీ. ఆ రుమాలు మాత్రం ఉతకలేదు. చాలా ఏళ్లు దాచుకున్నాను.

చాన్నాళ్లకి వాళ్ల గృహప్రవేశానికి వెళ్లాను. తనే లడ్డూలు వడ్డిస్తోంది. నా పక్కాయన చాలు చాలంటున్నా వినకుండా రెండేసింది. నా దగ్గరకొచ్చి ఒకటేసింది. అలవాటుగా "చాలు" అన్నాను. టక్కున చెయ్యి వెనక్కి తీసుకుని, "నువ్వు చాలంటే చాలే బావా. కవుతరంలో చూశాంగా!" అని నవ్వుతూ పక్క విస్తరికి వెళ్లిపోయింది. నేనూ నవ్వాను. ఈ ఒక్కసారికి కొసరి వేసి ఉంటే కాదనకపోదును.