చలి నీళ్ల పీత

యారాడలో నాకంటే సముద్రం తెలిసినవాడు లేడు. మా ఆడవాళ్లు మాత్రం పడవ ఎక్కరు, అది మా ఆచారం. నేను వేట చేసిన సముద్రం లోపల ఎలా ఉంటుందో చూస్తానని మా ముసలిది అంటే, ఈ రోజు దాన్ని బీచ్ రోడ్డులో చేపల ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్లాను.

అక్కడ మంచు దేశాల సముద్రం అడుగున బతికే పెద్ద పీతను చల్లటి నీళ్ల తొట్టిలో పెట్టారు. మా ముసలిది అద్దం మీద చెయ్యి వేసి ఉలిక్కిపడింది.

"మావా, ఇంత సల్లటి నీల్లలోనా ఇన్నేల్లూ ఏటకెల్లినావు?"

"ఎర్రిదానా, అది పై దేశం పీత. మన సముద్రం ఎచ్చగుంటాది."

"ఊరుకో. నాను బయపడతానని దాసినావు."

తిరుగు బస్సెక్కి దిగేదాకా నా చేతులు రెండూ కొంగులో చుట్టి పట్టుకుంది. అందరూ చూస్తున్నా వదల్లేదు. నేనూ లాక్కోలేదు.

మన సముద్రం వెచ్చగా ఉంటుందని నేనిక దానికి చెప్పను. మీరూ ఎవరూ చెప్పకండి.