చాచా పెరట్లో లాంచీ

చాచా పోయాడని ఆయన కూతురు జనగామ నుంచి ఫోన్ చేసింది. అప్పుడు నేను పాఠాలు చెప్పే బడికి బయల్దేరుతూ తలుపుకు తాళం వేస్తున్నాను. "అక్కా, అబ్బా పోయిండు. చాయ్ ఇద్దామని లేపితే లేవలే" అంది. తాళం చేతిలో పట్టుకొని అరుగు మీదే కూర్చుండిపోయాను. పక్కనే ఉన్న ఆయన ఇంటి గేటు మూతపడి చాలా నెలలైంది. అయినా ఆయన ఎప్పుడో ఒకప్పుడు వస్తాడనే అనుకుంటూ ఉన్నాను.

మా తొర్రూరులో ఆయన గురించి అడిగితే పేరు చెప్పేవాళ్లు తక్కువ. "లాంచీ చాచానా?" అనేవారు. ఆయన వడ్రంగి. మా వీధిలో చాలా ఇళ్లకు ఆయన చేసిన తలుపులే ఉన్నాయి. ఊరికి గుర్తున్నది మాత్రం, లాంచీ తిరిగేంత నది లేని చోట ఆయన పెరట్లో నిలబెట్టుకున్న ఆ పడవ.

అది భూపాలపల్లి దిక్కు నుంచి లారీ మీద వచ్చింది. ఒకప్పుడు ఎవరో కలప కాంట్రాక్టరు కుటుంబంతో గోదావరిలో షికారు తిరగడానికి చేయించుకున్న మోటారు లాంచీ అట. అంతా టేకు. మధ్యలో గాజు కిటికీల చిన్న గది, దానికి ఇత్తడి గడియలు. ఆ కుటుంబం ఎటో వెళ్లిపోయాక కాళేశ్వరం ఒడ్డున ఏళ్ల తరబడి ఎండకు ఎండింది. చాచా దాన్ని కోసి మంచాలు చేద్దామని కొన్నాడు. గేటులో పట్టక ప్రహరీ కొంత కూల్చవలసి వచ్చింది. ఆయన భార్య, మా చాచీ, కూలిన గోడ పక్కన నిలబడి తల కొట్టుకుంది.

మర్నాడు రంపం చప్పుడు వినపడుతుందనుకున్నాం. వినపడలేదు. గోడ మీదుగా చూస్తే ఆయన లాంచీ ముందుభాగపు వంపును అరచేత్తో తడుముతున్నాడు.

"కొయ్యలేదేంది భాయ్?" అని మా అమ్మ అడిగింది.

"కోస్తే మంచాలైతయ్ చెల్లే. మంచాలు ఊర్లె ఎన్ని లేవు? ఈ వంపు తెచ్చినోడు ఎంత తిప్పలు పడ్డడో. కొయ్యనీకె చెయ్యి వస్తలేదు" అన్నాడు.

అట్లా మొదలైంది. పగలంతా దుకాణంలో పని. పొద్దున్నే నమాజు చేసుకొని వచ్చి లాంచీ దగ్గర కూర్చునేవాడు. పాత రంగు గీకడానికే చాలా కాలం పట్టింది. పుచ్చిన పలకలు తీసి, కొత్త చెక్కను ఆవిరికి మెత్తబరిచి, మెల్లగా వంచి బిగించేవాడు. ఎవరైనా తొందరపెడితే "జర ఆగు" అనేవాడు. ఆయన నోట నేను ఎక్కువగా విన్న మాట అదే.

చాచీ మొదట్లో ఆ లాంచీ మీద బట్టలారేసేది. "గోదారి ఏడుంది, మనమేడున్నం? నీకు పిచ్చి గిట్ల లేసిందా?" అని తిట్టేది. తిడుతూనే ఒకరోజు ఆయన పక్కన కూర్చొని, నీళ్లు చొరకుండా పలకల సందుల్లో కూరడానికి పత్తి పేనింది. జనగామ మార్కెట్ నుంచి తెచ్చిన పత్తి అది. కొత్తగూడ అడవి నుంచి వచ్చిన గుగ్గిలాన్ని నూనెలో కాచి పైన పూస్తుంటే ఆ వాసన మా వంటింటి దాకా వచ్చేది. తర్వాత తర్వాత ఆమే ఆయన్ని పిలిచేది, "రా, ఎండెక్కక ముందే జేద్దాం" అని.

చాచీకి జ్వరమొచ్చి దవాఖానకు తీసుకుపోతే మళ్లీ ఇంటికి రాలేదు. ఆయన లాంచీ మీద తార్పాలిన్ కప్పి, దుకాణం కూడా మూసేశాడు. మరుసటి ఏడు వర్షాకాలంలో మా అమ్మా పోయింది. గోడకు ఇటు నేను, అటు ఆయన. ఎవరి వంట వాళ్లం వండుకొని, ఎవరి గిన్నెలు వాళ్లం కడుక్కునే చప్పుడు ఒకరికొకరికి వినపడేది.

ఒక ఆదివారం ఆయన గోడ దగ్గరికొచ్చాడు. "బిడ్డా, మీ అమ్మ కుట్టు మిషన్ నడుస్తదా? లాంచీల సీట్లకు మెత్తలు కుట్టాలె" అన్నాడు.

అమ్మ పోయాక ఆ మిషన్ మీది గుడ్డ తీయడం అదే మొదటిసారి. మెత్తలయ్యాక తెరలు, తెరలయ్యాక పైకప్పు గుడ్డ కుట్టాను. ఆదివారం సాయంత్రాలు లాంచీ గదిలో ఎదురెదురుగా కూర్చొని చాయ్ తాగేవాళ్లం. కిటికీలోంచి చూస్తే మా ఇంటి గోడ కనపడేది. పెద్దగా మాట్లాడుకునేది లేదు. "ఇయ్యాల ఏం వండినవ్?" అని మాత్రం అడిగేవాడు. ఈ లోకంలో ఆ మాట నన్నడిగే మనిషి అప్పటికి ఆయనొక్కడే.

ఇంజను పని మాత్రం చాచాకు రాదు. పొలాల మోటార్లు బాగుచేసే మేస్త్రీ వచ్చి పాతది తీసి, దొరికిన డీజిల్ ఇంజను బిగించాడు. ఇక నీళ్లలో దించడమే మిగిలింది. కానీ ప్రతి ఎండాకాలం ఆయన బాగున్న వార్నిష్‌నే గీకి మళ్లీ వేసేవాడు.

"నిరుడేసింది మంచిగనే ఉన్నది గద చాచా, మళ్ల ఎందుకు గీకుతున్నవ్?" అన్నాను.

చేతిలో పని ఆపాడు. "దీన్ని నీళ్లల్ల ఇడిశినంక, పొద్దుగాల లేచి నేనేం జెయ్యాలె బిడ్డా?"

చాయ్ గ్లాసు అందించాను. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

చివరికి ఆయన చేతులే తేల్చాయి. వేళ్లు వణికి, ఉలి రెండు మూడుసార్లు జారింది. "చేతులు నా మాట ఇంటలేవు. ఇగ పోదాం" అన్నాడు ఒక పొద్దున.

మళ్లీ లారీ వచ్చింది. కాళేశ్వరం దగ్గర లాంచీని దించగానే సందులన్నిటిలోంచి నీళ్లు లోపలికొచ్చాయి. చూస్తుండగానే సీట్ల దాకా మునిగింది. ఒడ్డున ఉన్నవాళ్లు నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. చాచా మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, దాని అంచు మీద చెయ్యేసి, "జర ఆగు. ఇన్నేండ్లు ఎండిన చెక్క. తాగనియ్" అన్నాడు. దాన్ని అట్లాగే ఒడ్డుకు కట్టేసి, సత్రంలో గదులు తీసుకొని ఎదురుచూశాం. చెక్క ఉబ్బి సందులు మూసుకున్నాక నీళ్లు తోడేశాం. ఈసారి చుక్క కూడా రాలేదు. మునిగిన ఇంజనును మేస్త్రీ వచ్చి విప్పి, ఆరబెట్టి నడిపించాడు.

అక్కడి పడవాయన చుక్కాని పట్టుకున్నాడు. చాచా గదిలో తన సీట్లోనే కూర్చున్నాడు, ఎదురుగా నేను. నది మధ్యకు వెళ్లేదాకా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉన్నాడు. తర్వాత నెమ్మదిగా, "మీ గోడ కనపడ్తలేదు బిడ్డా" అన్నాడు. నవ్వబోయి నవ్వలేకపోయాడు.

లాంచీని ఆ పడవాయనకే వదిలేశాడు. "నడుపుకో. ఎండకు మాత్రం పడేయకు" అన్నది ఒక్కటే షరతు. తిరిగొచ్చాక పెరడు మరీ పెద్దదిగా కనిపించింది. చాచా కుర్చీ వేసుకొని ఆ ఖాళీకేసి చూస్తూ కూర్చునేవాడు. కొన్నాళ్లకు కూతురు వచ్చి జనగామ తీసుకుపోయింది. ఫోన్ చేసినప్పుడు, "బిడ్డ మంచిగ అర్సుకుంటది. పొద్దే పోతలేదు" అనేవాడు. ఆ వెంటనే, "ఏం వండినవ్?" అనేవాడు.

చాచా పోయిన రోజు నేను జనగామ చేరేసరికి ఆయనకు స్నానం చేయించి తెల్లబట్ట కప్పారు. ఆడవాళ్ల మధ్య కూర్చున్నాను. "మీరేమైతరమ్మా?" అని ఒకామె అడిగింది. "పక్కింటిదాన్ని" అన్నాను. ఆ మాట చాలలేదు. ఇంకో మాట దొరకలేదు.

పోయిన వారం కాళేశ్వరం వెళ్లాను. లాంచీ యాత్రికులతో నిండి ఉంది. పడవాయన ఎక్కమన్నాడు గానీ, నా సీటుకు ఎదురుగా, చాచా సీట్లో ఎవరో ముసలాయన కూర్చొని ఉన్నాడు. వద్దని ఒడ్డునే నిలబడ్డాను. ఇంజను చప్పుడు దూరమై, నది వెడల్పులో కలిసిపోయింది. లాంచీ లేపిన అలలు కాసేపటికి ఒక్కొక్కటే వచ్చి నా పాదాలు తడిపాయి. తర్వాత అలలు రావడం ఆగిపోయింది.