ఫాతిమా ఇంటి అడ్రసు

ఫాతిమా యశ్వంతపురం పక్కన ఒక ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో హెల్త్ విజిటరు. క్షయ రోగుల్ని చూసుకోవడం ఆమె పని. తాతల కాలంలో కదిరి నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడిన కుటుంబం. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఆమె చేసిందల్లా ఒకటే: వచ్చిన రోగికి నెలకు సరిపడా మాత్రలు పొట్లం కట్టి ఇవ్వడం. వాళ్లు మింగారో, పారేశారో ఎవరూ అడగలేదు. ఆమెను అడగమనీ చెప్పలేదు.

1999లో ఒక విదేశీ ప్రభుత్వం ఇచ్చిన సాయంతో అలాంటి వాళ్లందరికీ శిక్షణ పెట్టారు. ఆ దేశం నుంచే వచ్చిన ఒక పెద్దావిడ, డాక్టరు, మొదటి రోజే తాను రోగిలా కుర్చీలో కూర్చుని ఫాతిమాను పిలిచింది. ఇచ్చిన మాత్ర నోట్లో వేసుకుని నీళ్లు తాగి, వెళ్లొస్తానన్నట్టు లేచింది. ఫాతిమాకు అనుమానం వచ్చింది. "నోరు తెరవండి" అంది కన్నడంలో. మాత్ర చెంప వెనకాల ఉంది. హాలంతా నవ్వింది, డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది. ఆ సాయంత్రం ఫాతిమా బస్సులో ఇంటికి వెళ్తూ చాలాసేపు తనలో తాను నవ్వుకుంది. తన పనిని అంత శ్రద్ధగా ఎవరైనా నేర్పడం అదే మొదలు.

నేర్పింది కష్టమైనదేం కాదు. ఆ సాయంతోనే రాబోతున్న కొత్త మందు వారానికి మూడు రోజుల చొప్పున నెలల తరబడి వాడాలి, ప్రతి మాత్రా కళ్లెదుటే మింగించాలి. రోగి రాకపోతే ఇంటికి వెళ్లి పిలుచుకురావాలి. అందుకని ఇల్లు చూసి వచ్చాకే మనిషిని చేర్చుకోవాలని ప్రాజెక్టు నియమం. అప్పట్లో ఫాతిమాకు అది సబబుగానే తోచింది.

మందు వచ్చిన కొత్తలోనే ఓబులేసు వచ్చాడు. పీణ్యలో కడుతున్న ఒక ఫ్యాక్టరీ దగ్గర కూలీ. అనంతపురం వైపు మనిషి. కఫం పరీక్షలో క్షయ అని తేలింది. కేంద్రం డాక్టరు గురుమూర్తి అతన్ని అడిగాడు.

"ఇల్లు యాడప్పా?"

"పని కాడే రేకుల షెడ్డులో ఉండాము సార్. అది అయిపోతే మేస్త్రీ యాడికి పిలిస్తే ఆడికి."

గురుమూర్తి తల అడ్డంగా ఊపాడు. "ఫాతిమా, ఇతను మధ్యలో వదిలేసి పోతాడు. పాత మాత్రలే నెలకి ఇచ్చి పంపు."

"కొత్త మందైతే నయమైతాది కదా సార్?"

"ట్రైనింగులో నీకూ చెప్పినారు కదమ్మా."

చెప్పిన మాట నిజమే. ఆమె పొట్లం కట్టి ఇచ్చింది. ఓబులేసు రెండు చేతులతో అందుకుని, దండం పెట్టి వెళ్లాడు.

మరుసటి వానాకాలంలో అతన్ని భార్య బాలమ్మ నడిపించుకుని వచ్చింది. ఈ మధ్యకాలమంతా వాళ్లు బెంగళూరుకు ఆ చివర, జిగణిలో ఉన్నారు. పొట్లం అయ్యేలోపే దగ్గు తగ్గింది, ఓబులేసు పనిలోకి దిగాడు, మందు మరిచిపోయాడు. ఇప్పుడు దగ్గితే నెత్తురు పడుతోంది. బాలమ్మా దగ్గుతోంది. పరీక్ష చేస్తే ఇద్దరికీ ఉంది.

గురుమూర్తి మళ్లీ అదే ప్రశ్న వేశాడు. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుండగా ఫాతిమా అంది:

"మా ఇంటి అడ్రసు రాయండి సార్."

"ఏమిది? వీళ్లు నీ ఇంట్లో ఉంటారా?"

"ఉండరు సార్. మాత్రలు మింగేది మాత్రం మా ఇంటి ముందరే. రాకుంటే నేను పోయి పిలుచుకొస్తాను."

గురుమూర్తి కోపంగానే చూశాడు. తర్వాత బాలమ్మ వైపు చూశాడు. "పైనుంచి ఎవరన్నా అడిగితే జవాబు నువ్వే చెప్పుకోవల్ల" అని రాశాడు.

ఆ దగ్గర్లోనే ఒక మేడ పనిలో కుదిరి, వాళ్లిద్దరూ పొద్దున్నే ఫాతిమా గేటు దగ్గరికి వచ్చేవాళ్లు. ఫాతిమాతో ఉంటున్న చెల్లెలు సమీనా భయపడింది. "ఆపా, ఇంట్లో పసిబిడ్డ ఉండాడు." ఆ భయం కొట్టిపారేసేది కాదని ఫాతిమాకు తెలుసు. అందుకే ఎవరినీ గడప దాటనివ్వక, బయట గాలి ఆడేచోట స్టూలు వేసింది. ఒకరోజు బాలమ్మ తెల్లారకముందే వచ్చింది. "అమ్మా, ఒంటికి పోతే ఎర్రగా పోతాండాది. నేనూ పోతానేమో." అది మందు రంగేనని ఫాతిమా నచ్చజెప్పేసరికి ఆమెకు ఇచ్చిన టీ చల్లారిపోయింది.

ఓబులేసుకు మాత్రం ఆలస్యమైపోయింది. ఊపిరితిత్తులు అప్పటికే పాడైపోయాయి. పెద్దాసుపత్రిలో చేర్చిన కొన్నాళ్లకే పోయాడు. వార్డు బయట గోడకు ఆనుకుని కూర్చున్న బాలమ్మ, ఫాతిమాను చూసి ఏడవలేదు.

"ఇంక నేనొక్కదాన్నే రావల్లా అమ్మా?"

"రావల్ల బాలమ్మా."

మేడ పని అయిపోయాక మేస్త్రీ అందర్నీ మళ్లీ జిగణికి తీసుకెళ్లాడు. ఒంటరి ఆడమనిషి, బాలమ్మ ఇక్కడే ఉండిపోలేకపోయింది. సెలవు రోజున ఫాతిమా ఆమె మందుల డబ్బా సంచిలో పెట్టుకుని జిగణి బస్సెక్కింది. కూలీల షెడ్ల ఎదురుగా టీ అంగడి నడిపే స్వప్న అనే ఆమెకు డబ్బా అప్పగించి, ఎలా ఇవ్వాలో చూపించింది.

"నోరు తెరిపించి చూడు. చెంప పక్కన కూడా."

"నేను చదువుకోలేదు మేడమ్."

"చదివేది ఏమీ లేదు. మింగిందా లేదా, అంతే."

స్వప్న మింగించింది. బాలమ్మ చివరి పరీక్షలో కఫం శుభ్రంగా ఉంది.

తర్వాత ఆ విదేశీ డాక్టరమ్మే పని తీరు తెలుసుకోవడానికి మళ్లీ వచ్చింది. హాల్లో అందరూ ఎంతమందికి నయమైందో చెప్పారు. ఫాతిమా వంతు వచ్చినప్పుడు ఓబులేసు గురించి చెప్పింది. మొదట ఎందుకు చేర్చుకోలేదో, తర్వాత ఎవరి అడ్రసు రాయించిందో దాచకుండా చెప్పింది. ఇంగ్లీషులోకి మార్చి చెప్పాల్సింది పక్కనున్న గురుమూర్తే. ఆయన కాసేపు తటపటాయించినా, ఒక్క ముక్కా వదలకుండా చెప్పాడు.

డాక్టరమ్మ ఫాతిమా వైపు తిరిగింది. "మరి రోగిని ఏం అడగాలంటావు?" అంది.

"ఇల్లు యాడ అని అడగొద్దు మేడమ్. ఎవరి దగ్గర మింగుతావు అని అడగండి."

నియమం ఆ ఏడు మారలేదు. పైఆఫీసు నుంచి ఫాతిమాకు సంజాయిషీ అడుగుతూ ఒక మెమో కూడా వచ్చింది. దానికి జవాబు గురుమూర్తే రాసి పంపాడు. ఆమె అడిగితే, "ఆ అడ్రసు కింద నాదీ సంతకం ఉండాది కదమ్మా" అన్నాడు. అప్పట్నుంచి ఆ కేంద్రంలో అడ్రసు లేదన్న కారణంతో ఆయన ఎవర్నీ వెనక్కి పంపలేదు.