ఎర్ర సున్నలు

శ్రావణ మాసం రెండో మంగళవారం, పొద్దున తొమ్మిదీ నలభైకి మొదలైంది ఈ సంగతి. నాలుగేళ్లు దాటినా నిమిషాలతో సహా చెబుతున్నానంటే నా జ్ఞాపకశక్తి గొప్పదని కాదు, టైము కూడా రాసుకున్న ఆ ఏటి క్యాలెండరు ఇప్పుడు నా ఒళ్లో ఉంది. ఇందాక ఎదురింటి కోడలు వచ్చి, "పెద్దమ్మా, ఎల్లుండి ఆ గర్భసంచి మూతి పరీక్షకు పోతున్న. తిని పోవాలెనా, తినకుంట పోవాలెనా?" అని అడిగింది. మా వాడలో ఆ పరీక్షకు మొదటిసారి పోయేవాళ్లందరూ ముందు నా గడప తొక్కుతారు. ఆమెకు చెప్పాల్సింది చెప్పి పంపి, ట్రంకుపెట్టె అడుగునుంచి దీన్ని తీశాను.

మాది గద్వాలలో చీరలు నేసే ఇల్లు. ఒకటే మగ్గం. నూలు చీరకు పట్టు అంచు కలపాలంటే ఒక్కరి వల్ల కాదు, రెండో మనిషి పక్కన కూర్చుని దారం నడిపే నాడె అందించాలి. మా ఇంట్లో నేసేది నా పెనిమిటి, అందించేది మా యారాలు, అంటే మా మరిది భార్య. మరిది చీరల మూట పట్టుకుని వనపర్తి, నాగర్‌కర్నూలు తిరిగొస్తుంటాడు. ముట్టు దినాల్లో ఆడమనిషి మగ్గం తాకకూడదని మా అత్త నియమం, ఆమెకు ఆమె అత్త పెట్టింది. నియమం సంగతెలా ఉన్నా నాకు లెక్క కావాలి. ఎవరు ఎన్ని రోజులు లేస్తే చీర ఎన్ని రోజులు వెనకబడుతుందో తెలియాలి కదా. అందుకని యారాలు మగ్గానికి దూరమున్న ప్రతి దినం మీదా ఎర్ర పెన్సిలుతో ఒక సున్న చుట్టేదాన్ని. మా అత్త ఇదే లెక్క బొగ్గుతో గోడ మీద గీసేది. గోడకు సున్నం వేసినప్పుడల్లా ఆమె లెక్క సున్నంలో కలిసేది. నా పద్ధతి మేలు.

ఆ ఏడు ఉగాది దాకా ఇరవై ఎనిమిది రోజులకోసారి నాలుగు సున్నలు, తప్పకుండా. ఉగాది తర్వాత పదమూడో రోజుకే రెండు వచ్చాయి. మళ్లీ తొమ్మిది రోజులకు ఒకటి. శ్రావణం వచ్చేసరికి లెక్కకు మించిన సున్నలు పదిహేడు. నేనేమనుకున్నానో దాచను. నలభై ఏడేళ్లొచ్చాయి, నడుం వంగడం లేదు, పని తప్పించుకుంటోంది అనుకున్నాను. "నెలకు ఎన్ని నెలలే నీకు?" అని ఎకసెక్కం కూడా ఆడాను. ఆమె నవ్వి, పెరట్లోకి పోయి కూర్చునేది.

ఆ మంగళవారం ఆశా కార్యకర్త ముప్పై దాటిన ఆడవాళ్ల పేర్లు రాసుకుంటూ మా ఇంటికి వచ్చింది. యారాలిని ఆఖరుసారి ముట్టు ఎప్పుడని అడిగితే, "నాకు తెల్వదు, అక్కనడుగు. నా సంగతి నాకన్న ఆమెకే ఎరుక" అంది. నేను గర్వంగా క్యాలెండరు తెచ్చి ముందు పెట్టాను. ఆ పిల్ల వేలు సున్నల మీద నడిచి నడిచి ఆగింది.

"ఇదెప్పటిసంది గిట్లుంది పెద్దమ్మా?"

"ఉగాదిసంది."

"మరి ఎవ్వలికన్న చెప్పిన్రా?"

"రాసిపెట్టిన గదా" అన్నాను.

అన్నాక ఆ మాట నా చెవికే ఎట్లాగో వినిపించింది. ఆ పిల్ల క్యాలెండరు తిరిగి నా చేతికిచ్చింది. మధ్యలో ఇలా కనబడితే ఊరికే ఉండకూడదని, గర్భసంచి మూతి పరీక్షకు గురువారమే దవాఖానకు రమ్మని, డాక్టరమ్మకు ఈ తేదీలన్నీ చూపించమని చెప్పి పోయింది.

సాయంత్రం యారాలు రానంది. నూలు కండెలు చుట్టడం ఆపకుండానే, "మా అవ్వకు గిట్లనే మొదలైంది అక్కా. మా తల్లిగారూరు అమరచింతల ఎవ్వలికి చెప్పకుంట బట్టలు ఉతుక్కుంట ఉతుక్కుంట పోయింది. పేరు పెడితెనే అది రోగం. పెట్టకుంటె ముట్టే" అంది. ఇరవై ఆరేళ్లు ఒకే పొయ్యి మీద వండుకున్నాం, వాళ్లమ్మ ఎలా పోయిందో నాకు అప్పుడు తెలిసింది. ఊరడించడం నాకు చేతకాదు. "మీ అవ్వకు రాసిపెట్టేటోళ్లు లేకుండె. నీకు నేనున్న. నేను గూడ చేపిచ్చుకుంట, పా" అన్నాను. నాకప్పుడు అరవై ఒకటి. ఆ పరీక్ష పేరు నేను విన్నదీ ఆ పొద్దునే. ఆమె కండె పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూసింది. "నీకెందుకే? నీ సున్నలు ఆగిపోయి పదకొండేండ్లాయె" అంది. నా లెక్క ఆమెకూ తెలుసన్నమాట.

ఆ రాత్రే ఆశా పిల్ల మళ్లీ వచ్చి పరీక్షకు ముందు జాగ్రత్తలు చెప్పింది. లోపల మందులు పెట్టుకోవద్దు, కడుక్కోవద్దు, రెండు రోజులు ఇంటాయనతో ఎడంగా ఉండాలి. "రెండు రోజులేంది బిడ్డా, ఆయన ఊళ్లు తిరగవట్టి రెండు నెలలాయె" అని యారాలు అంటే ఆ పిల్ల సంచి ముఖానికి అడ్డం పెట్టుకుంది. చీర దగ్గర ఇంకో పేచీ. పాత మెత్తటి చీర చాలునంటే వినకుండా మగ్గం మీద తన చేయిపడిన ఎర్రంచు చీర తీసింది. "మన నేత అని డాక్టరమ్మకు తెల్వాలె గదా."

తినొచ్చని చెప్పారు కాబట్టి గురువారం పొద్దున ఇద్దరం బొరుగుల ఉగ్గాని తిన్నాం. అయితే ఆమె నాకు చెప్పకుండా రెండు చెంబుల నీళ్లు కూడా తాగింది. ఎప్పుడో స్కానింగుకు కడుపు నిండా నీళ్లు తాగి రమ్మన్నారట, దీనికీ అంతే అనుకుంది. ఆటో గుంతలో పడినప్పుడల్లా నా ముంజేయి నలిపేసింది. నర్సు ఆమె అవస్థ చూసి, "దీనికి ఖాళీగుండాలె గదమ్మా, ముందు బాత్రూంకు పోయిరా" అంది. మా యారాలు అంత వేగంగా నడవగలదని నాకు ఆ రోజే తెలిసింది.

ముందు ఆమెను పిలిచారు. నేను తెర ఇవతల నిలబడి ఒకటి నుంచి లెక్కపెట్టాను. డాక్టరమ్మ గొంతు వినబడింది. "ఈ అంచు విడిగ నేసి కుడతరా?" "అయ్యో, కుట్టుడేంది మేడం. దారానికి దారం ముడేసి కలుపుతం" అని మా యారాలు మొదలుపెట్టింది. ఎడమ అంచు సంగతి చెప్పడం అయిపోయింది, కుడి అంచుకు ఇంకా రాలేదు, "అయిపోయిందమ్మా, లే" అన్నారు. నా లెక్క రెండు వందల పది దగ్గర ఉంది. నాది అంతకన్నా తొందరగా అయింది. అంచు గురించి చెప్పడానికి నాకేం లేదు.

పదహారు రోజులకు ఫలితం వచ్చింది. నాది బాగానే ఉంది. ఆమెది బాగా లేదు. ఆ రోజే దుర్భిణిలాంటి దానితో చూశారు. "ఇది ఇంకా క్యాన్సర్ కాదు. వదిలేస్తే కావచ్చు" అన్నారు డాక్టరమ్మ. ఇంకో వారానికి ఒక పొద్దుట్లో గర్భసంచి మూతి దగ్గర చెడిన ముక్క తీసేశారు. దాన్ని పరీక్షకు పంపి, చివరికి పిలిచి చెప్పారు: "తీసిన ముక్క అంచులు శుభ్రంగా ఉన్నాయి. అంతా వచ్చేసింది." యారాలు నా వైపు తిరిగింది. "విన్నవా అక్కా? మన ఇంట్ల అంచు తప్పదు." డాక్టరమ్మకు అర్థం కాలేదు, కానీ ఆమె కూడా నవ్వింది. తిరుగు ఆటోలో నేను ఆమె ముంజేయి పట్టుకున్నాను. ఆ దారిలో గుంతలు తగ్గినట్టే అనిపించింది.

ముక్క తీశాక వారం తర్వాత కొంచెం ఎరుపు కనబడింది. అలా కనబడుతుందని ముందే చెప్పారు. యారాలు అలవాటుగా పెరటి వైపు నడిచింది. నేను పెన్సిలు తీసి, చూసి, మళ్లీ డబ్బాలో పెట్టి, "పోయి మగ్గం కాడ కూసో" అన్నాను. నా పెనిమిటి జరిగి చోటిచ్చాడు. ఆ రోజు నేసిన అంచు చీర మొత్తంలో ఎక్కడుందో ఎవరూ పట్టుకోలేరు, నేను తప్ప. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ పెరట్లో కూర్చోలేదు. ఇప్పుడు క్యాలెండరు మీద నీలం పెన్సిలుతో వాడలోని ఆడవాళ్ల పరీక్ష తేదీలు రాస్తాను. ఎదురింటి కోడలు పన్నెండోది.

కాలాన్ని రాసిపెట్టడం వేరు, చదవడం వేరు. రెండోది నేను అరవై ఒకటో ఏట నేర్చుకున్నాను.

పోయినవి: మగ్గం దగ్గర యారాలు లేని రోజులు, సున్నలవి పదిహేడు, దవాఖానవి నాలుగు, విశ్రాంతివి ఏడు, వెరసి ఇరవై ఎనిమిది. గోరంత కండ. నేను చూస్తూ కూడా చూడని నాలుగు నెలల పన్నెండు రోజులు. అత్త నియమం ఒకటి. మనుషులు, సున్న.