ఆసుపత్రి కదలదు

మైకాయన గొంతు వినగానే తలుపు తీయని ఇల్లు ఆ వీధుల్లో ఒక్కటీ లేదు. చదివింది పల్లెబడిలో ఐదో తరగతి. అయితేనేం? వరద వచ్చిన ఏడాది పోలీసులు బతిమాలినా కదలని పేట, ఆయన వ్యానెక్కి ఒక్క కేక వేస్తే మూటాముల్లె సర్దుకుని మెరక మీదికి చేరింది. బంతాటల పోటీల్లో మైకు ఆయనదే. తప్పిపోయిన పిల్లల్ని తల్లుల ఒడికి చేర్చిందీ ఆ గొంతే. ఆయన ప్రచారం చేసిపెట్టినవాళ్లలో ముగ్గురు శాసనసభకు వెళ్లారు. ఒకాయన మంత్రి కూడా అయ్యాడు. మంత్రయ్యాక మైకాయన్ని గుర్తుపట్టలేదనుకోండి, అది వేరే సంగతి.

భార్య పోయినప్పటి నుంచి ఆయన లోపల రాయి పడ్డట్టుండేది. గొంతు మాత్రం చెక్కుచెదరలేదు. ఆవేశం కావలసిన చోట ఆవేశం, జాలి కావలసిన చోట జాలి, కుళాయి తిప్పినట్టు వచ్చేవి. మైకు కట్టేయగానే అన్నీ ఆగిపోయేవి. అన్నంలో ఉప్పు వేశారో లేదో కూడా ఆయనకు పట్టేది కాదు.

ఈసారి శాసనసభ ఎన్నికల్లో పోటీ ముగ్గురి మధ్య. ముగ్గురికీ ఆయన గొంతే కావాలి. "దర్జీ అందరికీ కుడతాడు. నేనూ అంతే" అని ముగ్గురికీ ఒప్పుకున్నాడు. సెల్‌ఫోన్ల దుకాణం వెనక, గోడలకు గుడ్ల అట్టలు అతికించిన గదిలో రికార్డింగు. పొద్దున ఒకరి కోసం కరెంటు చార్జీలు పెంచబోమని మాటిచ్చేవాడు. మధ్యాహ్నం అదే కుర్చీలో కూర్చుని, చార్జీలు పెంచక తప్పదని నిజం చెప్పే ధైర్యం తమకే ఉందని ఇంకొకరి తరఫున గర్జించేవాడు.

ఆయన కాగితం చూసి చదివే రకం కాదు. అభ్యర్థి మనిషి ఎదురుగా కూర్చుని విషయం చెప్పాలి. ఈయన కళ్లు మూసుకుని విని, కోయవలసింది కోసి, మిగిలింది పలుకుతాడు. "వ్యాను దాటిపోయేలోపు చెవిన పడేది రెండు మూడు మాటలే. అయితే గియితే అన్నవన్నీ సందు మలుపులో రాలిపోతాయి" అనేవాడు. ఆ విద్యలో ఆయనను మించినవాడు లేడు.

ఆ ఎన్నికల్లో అసలు గొడవ పెద్దాసుపత్రి గురించి. ఊరి నడుమ ఉన్నదాన్ని బైపాస్ అవతల కట్టిన కొత్త భవనానికి తరలిస్తారా, లేదా? ఆయన కూతురికి అది మాటల గొడవ కాదు. ఆమె కూతురికి నెల తిరిగేసరికి అక్కడే రక్తం ఎక్కించాలి. ఆలస్యమైతే పిల్ల నిలబడలేదు. అల్లుడు దూరాన ఫ్యాక్టరీలో ఉంటాడు. అందుకే తరలిస్తే పనికొస్తుందని కూతురు కొత్త భవనం పక్కన ఒక గది చూసి పెట్టుకుంది. ఆదివారంలోగా ఏ సంగతీ చెప్పమంది ఆ గది అద్దెకిచ్చే ఇంటావిడ.

ఆదివారం పొద్దున పిల్లకు జడ వేస్తూ కూతురు అంది: "నాన్నా, ఆ గది వద్దని చెప్పేశాను."

"ఎందుకని?"

"ఎందుకేంటి? ఆసుపత్రి కదలదు, కదలదు అని పొద్దస్తమానం అరుస్తున్నావుగా. ఆ మాటిచ్చినాయనే గెలుస్తాడంటున్నారు."

"నేనా అరిచింది?"

"కాదు, మా ముత్తాత!"

మైకాయన పళ్లు తోముకోవడం ఆపాడు. మొదటి అభ్యర్థి బావమరిది చెప్పింది వేరు. "కొత్త భవనంలో లిఫ్టులు, నీళ్లు సిద్ధమయ్యేదాకా ఆసుపత్రిని కదలనివ్వం" అన్నాడతను. ఈయన అలవాటు ప్రకారం ముందు ముక్క కోశాడు. మిగిలింది వీధివీధికీ ఎక్కింది.

చొక్కా వేసుకుని అభ్యర్థి ఆఫీసుకు నడిచాడు. బావమరిది కుర్చీలోంచి లేచి మరీ పిలిచాడు. "రండి మైకాయనా! మీ మాట పేలిందండీ బాబూ!"

"దాన్ని సరిచెయ్యాలండీ. మీరు లిఫ్టులయ్యేదాకా అన్నారు. నేను కోసేశాను."

"కోసి మంచి పని చేశారు. మా బావ కూడా ఇప్పుడు సభల్లో మీ మాటే వాడుతున్నాడు."

"ఆ లిఫ్టులు ఎప్పటికవుతాయి?"

"అయిపోయాయిగా! రంగులేస్తున్నారు."

"అంటే కదులుతుందన్నమాట."

"కదలక? ఓట్లు అయ్యాక. మీరు ముందు టీ తాగండి."

మైకాయన టీ తాగాడు. నాలుక కాలింది కానీ ఆయనకు తెలియలేదు. మళ్లీ రికార్డు చేద్దామని రెండోసారి అడిగితే, జనానికి ఎక్కిన మాటను ఎవరైనా చెరుపుకుంటారా అని నవ్వాడు బావమరిది.

ఇంటికొచ్చి కూతురికి ఉన్నదున్నట్టు చెప్పాడు.

"ఎందుకు కోశావు?" అందామె.

"వ్యాను వెళ్లిపోతుంది కదమ్మా."

"నేనేం వ్యాను పక్కన పోయేదాన్నా నాన్నా? రోజూ నీకు అన్నం పెడుతున్నాను. నాకైనా పూర్తిగా చెప్పద్దూ?"

"నువ్వు అడగలేదు."

"అడగాలా?"

ఆయన ఫోను తీసి ఇంటావిడకు చేశాడు.

"ఓహో, మైకాయనా! గొంతు పట్టేశాను చూడండి" అందావిడ. "ఆసుపత్రి కదలదని మీరే అంటిరి. మళ్లీ గదెందుకండీ?"

"కదులుతుందమ్మా."

"అయ్యో, కింద గది ఇందాకే ఒక నర్సుకు ఇచ్చేశానే! మేడ మీద రేకుల గదొకటి ఉంది. ఎండకి కాస్త కాగుద్ది మరి."

"అదే మాకివ్వండి."

ఫోను పెట్టేశాక కూతురు అటక మీంచి సంచి దించింది. పిల్ల గౌన్లు మడుస్తూ, "మిగతా ఇద్దరూ ఏమన్నారు? కోయకుండా చెప్పు" అంది.

"రెండో ఆవిడ, నిధులొస్తే పాతదాన్నే బాగుచేయిస్తానంది. రాకపోతే తరలిస్తుంది. మూడో ఆయన కమిటీ వేస్తాడట. కమిటీ ఏమంటే అది చేస్తాడట."

"వాటిని ఏం చేశావు?"

"పాతదాన్నే బాగుచేస్తాం అన్నాను. మీరు చెప్పినట్టే చేస్తాం అన్నాను."

కూతురు దుప్పటి మడిచి సంచిలో కుక్కింది. మందుల డబ్బా పైన పెట్టింది. పిల్ల గోడకు చేరగిలి కూర్చుని చూస్తోంది. రక్తం ఎక్కించే రోజు దగ్గరపడిందేమో, పెదాలు పాలిపోయి ఉన్నాయి.

"మేడ మీద గదన్నావు" అంది కూతురు. "మెట్లు నిటారుగా ఉంటాయా? ఇది ఎక్కగలదా?"

"కనుక్కోలేదమ్మా" అన్నాడు మైకాయన.